మడమకు చెవి పెట్టిన వస్తాదు

ఎల్లారెడ్డి అంగడికి పోయి వచ్చిన సాయిలు తన ఎడ్లకు నీళ్లయినా చూపించకుండా మా వాకిట్లో నిలబడి, "మీ వస్తాదు పోయిండట, పొద్దుగాల్నే" అన్నాడు. నేను పలుపు పేనుతున్నాను. పేనడం ఆపలేదు. "నాకు వస్తాదు ఎవడున్నడు? మా అన్నకు వస్తాదు" అన్నాను. సాయిలు నా మొహం చూసి, ఇక్కడ నిలబడితే లాభం లేదనుకుని ఇంటికి పోయాడు. ఎవరైనా పోయారంటే అయ్యో పాపం అనడం మర్యాద. ఆ మర్యాద నాకు ఆ పూట నోటికి రాలేదు. నిజం చెప్పాలంటే ఆయన అన్నాళ్లు బతికి ఉండటమే నాకు ఒళ్లుమంటగా ఉండేది.

ఆయన పేరు ఇక్కడ రాయను. పోయినవాడి పరువు తీయడం ఎందుకని కాదు, పేరు రాస్తే లేనిపోని పెద్దరికం అంటగట్టినట్టవుతుందని. ఎల్లారెడ్డిలో అందరూ వస్తాదు అనేవారు, మేమూ అనేవాళ్లం. కుస్తీ నేర్పేవాడు వస్తాదు. మరి ఈయన మట్టిలోకి దిగి ఒక్క పట్టు పట్టి చూపించగా నేనెన్నడూ చూడలేదు. కుస్తీలు నేర్పే తాలీంలో గోడవారగా ముక్కాలిపీట వేసుకుని, కళ్లకు సుర్మా, భుజాన జరీ అంచు శాలువా, చీలమండల దాకా జారిన తెల్లని పైజామాతో పెళ్లికొడుకు మేనమామలా కూర్చునేవాడు. "మెడ వంచురా! గట్ల కాదు, గిట్ల!" అని అక్కడి నుంచే అరిచేవాడు. అదే నేర్పడం. పట్టు తప్పితే మా తెలివితక్కువతనం, కుదిరితే ఆయన చలువ.

ఆయన నడక కూడా చెప్పాలి. కుడికాలు ముందుకు వేసి, ఒక క్షణం ఆగి, ఎడమ మడమను నేల మీద జీరాడిస్తూ తెచ్చి పక్కన పెట్టేవాడు. ఎంత ఠీవి అనుకున్నాం! పెద్ద పహిల్వాన్లు అలాగే నడుస్తారని మాలో ఎవడో అన్నాడు. అంతే, తాలీం మొత్తానికి ఆ నడక పట్టుకుంది. సాయంత్రం పూట ఎల్లారెడ్డి బజారులో మేమంతా వరసగా ఎడమ మడమలు ఈడ్చుకుంటూ పోతుంటే కిరాణా కొట్ల వాళ్లు నవ్వుకునేవారు. మాకేమో వాళ్లు మమ్మల్ని చూసి జంకుతున్నారని లోపల ఒకటే సంబరం.

ఇక బేలన్ సంగతి. మా వైపు జొన్నరొట్టెలు చేత్తో కొడతారు కనుక, బేలన్ అనే రొట్టెలు ఒత్తే కర్ర ఎట్లా ఉంటుందో మాలో చాలామందికి తెలియదు. ఆయన పచ్చ గుడ్డలో చుట్టి తెచ్చే ఆ నల్లటి గుండ్రటి కర్రను చూసి మేం నోళ్లు వెళ్లబెట్టాం. మూరెడు పొడవు, నూనె తాగి తాగి నున్నబడిన మొద్దు. హైదరాబాదులో ఎవరో నవాబు కొలువులో ఉన్న పహిల్వాను తన చేతుల మీదుగా ఇచ్చాడని చెప్పేవాడు. మా ఊరి వడ్రంగి, వడ్ల బ్రహ్మయ్య, ఒకసారి దాన్ని చేతిలో తిప్పి చూసి, "ఇది మంచంకోడు గదనే, కింది బుడిపె కోసేసిండ్రు" అన్నాడు. ఆ తర్వాత బ్రహ్మయ్యను తాలీం గడప తొక్కనివ్వలేదు.

బస్కీలు తీసీ తీసీ తొడలు, పిక్కలు కొయ్యబారిపోయేవి. మెట్టు దిగాలన్నా గోడ పట్టుకోవలసి వచ్చేది. అప్పుడు ఒక్కొక్కడూ బోర్లా పడుకోవాలి. వస్తాదు పీట మీద నుంచి లేవకుండానే ముందుకు వంగి, నువ్వుల నూనె రాసి, ఆ కర్రను పిక్కల మీద అటూ ఇటూ దొర్లించేవాడు. అబద్ధమెందుకు, హాయిగానే ఉండేది. మెలిపడిన నరాలు ఒక్కొక్కటే విడుతున్నట్టు, కాళ్లలోకి మళ్లీ నెత్తురు వస్తున్నట్టు ఉండేది. ఆ హాయి కర్రది. ఎవరు దొర్లించినా అంతే. కానీ దాన్ని ఇంకొకరు ముట్టరాదు. మాలో ఒకడు ఇంట్లో రోకలితో దొర్లించుకుంటున్నాడని తెలిసి వాణ్ణి పది మందిలో తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు.

ఆయన సిద్ధాంతం ఏమిటంటే, కసరత్తు చేసినవాడి పిక్కల్లోకి గాలి దూరుతుంది. దాన్ని మోకాలి వెనక నుంచి తరుముకుంటూ వచ్చి మడమ గుండా బయటికి పంపాలి. పంపాడో లేదో ఎట్లా తెలిసేది? వంగి మడమకు చెవి ఆనించేవాడు. కళ్లు మూసుకుని, మా అందరినీ ఊపిరి బిగబట్టమని చేయి ఎత్తి, కాసేపు వినేవాడు. "ఇంక ఉన్నది" అంటే మళ్లీ దొర్లించడం. "పోయింది" అంటే మనం లేవాలి. మనిషి మడమలో ఏం వినిపిస్తుందో ఆ దేవుడికే తెలియాలి. అట్లా చెవి పెట్టి వినే మనిషిని చూసి మేం నవ్వలేదంటే, మా బుర్రలు ఎంత గట్టివో అర్థం చేసుకోవచ్చు.

ఏదడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు. "పట్నంల గిట్లనే చేస్తరు." నూనె కాచి రాస్తే మంచిది కదా అంటే, పట్నంల గిట్లనే చేస్తరు. జ్వరం వచ్చినవాడికి ఇవాళ బస్కీలు ఎందుకంటే, పట్నంల గిట్లనే చేస్తరు. పట్నం పోయి చూసినవాడు మాలో ఒక్కడూ లేడని ఆయనకు తెలుసు.

అన్నిటికన్నా పాడు పద్ధతి ఇంకొకటి ఉండేది. బేలన్ కింద ఎవడూ అబ్బా అనరాదు. అన్నవాడు మొగోడు కాదు. వాడికి ఆ పూట పాలు లేవు, నానబెట్టిన శనగలు లేవు. ఆ శనగలు ఎవరి కడుపులోకి పోయేవో చెప్పనక్కరలేదు. అందుకని అందరం పళ్లు బిగించి పడుకునేవాళ్లం. మనం నోరు మూసుకుంటే ఆయన, "చూసిండ్రా, నొప్పి పోయింది" అని అందరికీ చాటేవాడు. నొప్పి లేదనడానికి అరవకపోవడమే సాక్ష్యమైతే, రాళ్లకు రోగమే రాదు.

అందరికన్నా బాగా నోరు మూసుకునేవాడు మా అన్న.

బాపు పోయాక మా ఇల్లు నిలబడింది అన్న కాళ్ల మీదే. పొద్దున నాగలి, సాయంత్రం తాలీం. మనిషి పొడగరి, మాట తక్కువ. పట్టు పట్టాడంటే విడిపించుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. వస్తాదు ఒకసారి భుజం తట్టి, "నీలెక్కటోడు నాకు ఇంకోడు దొరకలే బిడ్డా" అన్నాడట. ఆ మాటను మా అన్న అవ్వకు చెప్పాడు, నాకు చెప్పాడు, ఎడ్లకు కూడా చెప్పి ఉంటాడు. అంతవరకు మా అన్నను భుజం తట్టి ఒక మంచిమాట అన్నవాడు లేడు. దానికే జన్మంతా అమ్ముడుపోయాడు.

కామారెడ్డి జాతరలో కుస్తీలు జరిగేవి. మొదట పిల్లల కుస్తీ, గెలిస్తే కొబ్బరికాయ. అట్లా పెరుగుతూ పెరుగుతూ చివరికి వెండికడెం కుస్తీ. ఆ కడెం ప్రతి ఏడూ జుక్కల్ వైపు నుంచి వచ్చే ఒక మోటు మనిషి చేతికే పోయేది. ఆ ఏడు ఆయనతో జోడీ మా అన్నకు కుదిరింది. ఎల్లారెడ్డి తాలీం నుంచి కడెం కుస్తీ దాకా పోవడం అదే మొదలు. వస్తాదు శాలువా ఉతికించుకున్నాడు. బజారులో కనబడిన వాడినల్లా ఆపి, "నా పట్టా కుస్తీకి పోతున్నడు" అని చెప్పడం మొదలుపెట్టాడు. పట్టా అంటే శిష్యుడు. అన్న పేరు మాత్రం ఎక్కడా చెప్పలేదు.

జాతర ఇంక కొన్నాళ్లుందనగా, బస్కీలు తీస్తూ తీస్తూ అన్న గబుక్కున వెనక్కి తిరిగి, "ఎవడ్రా రాయితోని కొట్టింది?" అని అరిచాడు. వెనక ఎవడూ లేడు. అందరం నవ్వాం. అన్న కూడా నవ్వబోయి, ఎడమకాలు కింద పెట్టలేక గోడ పట్టుకున్నాడు. తెల్లారేసరికి పిక్క ఉబ్బి, చీలమండ దాకా నీలం దిగింది.

"గాలి పట్టింది" అన్నాడు వస్తాదు. అన్నను బోర్లా పడుకోబెట్టాడు. నూనె రాసి కర్ర ఆనించాడు. నేను పక్కనే ఉన్నాను. అన్న పిడికిళ్లు మట్టిలోకి దిగిపోయాయి, చెవులు ఎర్రబడ్డాయి, నోరు మాత్రం పెగలలేదు. "వస్తాద్, నీలం కమ్మింది సూడు. జర కామారెడ్డి దవాఖానల సూపిద్దాం" అన్నాను. "నీలం గాదురా, గాలి బయటికొస్తున్న దారి. పట్నంల గిట్లనే చేస్తరు" అన్నాడు. ఇంకో మాట అనబోతే అన్నే తల తిప్పకుండా, "తమ్మీ, ఊకో" అన్నాడు. అట్లా రోజూ దొర్లించాడు. రోజూ మడమకు చెవి పెట్టి "ఇంక ఉన్నది" అన్నాడు. జాతరకు ముందునాడు మాత్రం విని, చిరునవ్వు నవ్వి, "పోయింది" అన్నాడు. పోకపోతే ఆయన ఉతికించుకున్న శాలువా ఏం కావాలి?

కామారెడ్డికి బస్సులో పోయాం. డ్రైవరు పక్కన వస్తాదు, ఒళ్లో బేలన్. బస్సు దిగగానే బంతిపూల దండ ఒకటి కొని మా చేతికిచ్చి, "గెలవంగనే నాకు ఎయ్యిండ్రి, అందరు సూడాలె" అని చెప్పాడు. గెలిచినవాడికి ఏం వేయాలో ఆయనకు తోచలేదు, మాకూ అడగాలని తోచలేదు.

కొబ్బరికాయల కుస్తీలు అయ్యాయి. పొద్దు వాలుతుండగా అన్న మట్టిలోకి దిగాడు. కుంటకుండా నడవడానికి ఆ మనిషి పడుతున్న పాట్లు నాకు ఒక్కడికే కనబడుతున్నాయి. జుక్కలాయన చేయి కలిపాడు. ఇద్దరూ తలలు ఆనించారు. అన్న ఎడమకాలు తన్నిపెట్టి ముందుకు నెట్టాడు. ఎండుకట్టె విరిచినట్టు చప్పుడైంది. డోలు మోతలో కూడా నాకు వినబడింది. అన్న పక్కకు ఒరిగాడు.

అప్పుడు మీద పడితే కడెం జుక్కలాయనదే. ఆయన పడలేదు. చేతులు వదిలేసి వెనక్కి జరిగి, "పాయ్ గేలా! పాయ్ గేలా!" అని మరాఠీలో కేకలు పెట్టాడు. కాలు పోయిందని. తనే మా అన్నను భుజానికెత్తుకుని నాతో దవాఖాన దాకా వచ్చాడు. నేను వెనక్కి తిరిగి వస్తాదు కోసం చూశాను. ఆయన జనం నడుమ నిలబడి, "బేలన్ తప్పించిండు, నేను చెప్తనే ఉన్న, ఇనలే" అంటున్నాడు. సాయంత్రం బస్సుకు ఆయన ఎల్లారెడ్డి వెళ్లిపోయాడు.

దవాఖానలో డాక్టరు పిక్క మీది నీలపు చారలు చూసి, "ఏ బేవకూఫ్ చేసిండు ఇది?" అన్నాడు. "పట్టేసిన పిక్కను దొర్లియ్యొచ్చు. తెగిన పిక్కను దొర్లిస్తరా? పండబెడితే అతుక్కుంటుండె." అన్న గోడవైపు మొహం తిప్పుకుని, "నేనే కాలు తప్పుగ పెట్టిన సాబ్" అన్నాడు. అప్పుడు మా అన్న మీద కూడా నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

వానాకాలం అంతా అన్న మంచంలోనే ఉన్నాడు. లేచేసరికి ఎడమ పిక్క ఎండిపోయి ఎముకకు చర్మం అంటుకుంది. మడమ ఎత్తడం ఇక రాదు. నాగలి నా చేతికి వచ్చింది. చూడవచ్చిన ప్రతివాడికీ అన్న అదే మాట చెప్పేవాడు, నేనే కాలు తప్పుగ పెట్టిన, వస్తాదుది ఏం లేదు అని.

ఆ వస్తాదు మా ఇంటికి ఒక్కసారి వచ్చాడు. చంకలో పచ్చగుడ్డ మూట. అవ్వ పీట వేసి చల్ల ఇచ్చింది. తాగి మూతి తుడుచుకుని, గుడ్డ విప్పి, "కాలు ఇటియ్యి బిడ్డా, గాలి ఇంక మిగిలున్నది" అన్నాడు. ఆ మాటకే నేను నోరు వెళ్లబెట్టానంటే, అంతకన్నా ఘోరం, మా అన్న మారు మాట్లాడకుండా ఆ ఎండిన కాలు చాపాడు!

నేను కర్ర లాక్కున్నాను. "ముందు నువ్వు పండుకో వస్తాద్. నీ కాళ్లు దొర్లిస్త. నువ్వు కిమ్మనకుంటే అప్పుడు మా అన్నకు దొర్లియ్యి" అన్నాను.

ఆయన గబుక్కున పైజామా అంచు రెండు చేతులతో కిందికి లాక్కున్నాడు. "వస్తాదుల కాళ్లకు బేలన్ పెట్టరు. పట్నంల..." అని ఆగాడు. పట్నం కూడా ఆయనకు ఆ పూట సాయం రాలేదు. కర్రను వాకిట్లోకి గిరాటేశాను. ఆయన పోయి, వంగి, తీసుకుని, శాలువాతో మట్టి తుడిచి, మా వైపు తిరక్కుండా వెళ్లిపోయాడు. ఇంత పిరికి మనిషికా మేం రోజూ మొక్కింది అనిపించింది నాకు.

అన్న నాతో చాలా రోజులు మాట్లాడలేదు. చివరికి ఒకనాడు బువ్వ తింటూ అన్నాడు. "ఆయన్ను గట్లంటవా తమ్మీ? ఆయన లేకుంటే నేనెవన్ని? ఎడ్ల ఎనుక పోయేటోన్ని. ఒక్కనాడన్న కామారెడ్డిల వేయి మంది నడుమ నిలవడ్డ. కాలు పోతే పోయింది. వస్తాదు ఉన్నడు నాకు." నేను కంచంలో చేయి కడుక్కుని లేచిపోయాను. ఇంకెప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

ఇప్పుడు సాయిలు మాట లోపలి గదిలో ఉన్న అన్న చెవిన పడింది. తలకు తుండుగుడ్డ చుట్టుకుని బయటికి వచ్చాడు. "బండి కట్టు తమ్మీ. భుజం పట్టాలె" అన్నాడు. ఆ కాలితో పాడె మోస్తావా అని అడుగుదామనుకున్నాను, మొహం చూసి అడగలేకపోయాను. తోవ పొడుగునా అన్న కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను ఎడ్లను అదిలిస్తూ, లోపల్లోపల ఆయన్ను తిట్టుకుంటూనే ఉన్నాను.

ఎల్లారెడ్డిలో ఆ ఇంటి ముందు బండి ఆపి, నేను దిగలేదు. అన్న లోపలికి పోయాడు. శవానికి నీళ్లు పోస్తున్నారు. పట్టా కదా అని చెంబు అన్న చేతికిచ్చారు. నేను బండి మీద కూర్చుని డప్పులవాళ్లు మంట దగ్గర డప్పులు కాచుకోవడం చూస్తున్నాను. చెంబెడు నీళ్లు పోసేంతసేపు కాలేదు, అన్న తిరిగి వచ్చి బండి చక్రం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైంది అన్నా?"

"ఎడమ పిక్క లేదు" అన్నాడు. "నా లెక్కనే. ఎముక మీద తోలు."

నాకు మొదట అర్థం కాలేదు. అన్న ఊపిరి తీసుకుని మళ్లీ చెప్పాడు. "ఆయన పెండ్లాం ముసలమ్మను అడిగిన. లగ్గం కాకముందుదేనట. తాలీంల పిక్క తెగితే ఆయనకు నేర్పిన వస్తాదు బేలన్ దొర్లిచ్చిండట. ఎవ్వలకు చెప్పొద్దని ఆమెతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడట."

నీళ్లు పోసినవాళ్లందరూ ఆ కాలిని చూసే ఉంటారు. ముసలివాళ్ల కాళ్లు అట్లాగే ఉంటాయనుకుని ఉంటారు. పొద్దున లేస్తే అటువంటి కాలినే చూసుకునేవాడు మా అన్న ఒక్కడే.

"నా పిక్క నీలమైననాడు," అన్నాడు అన్న, "వాని చెయ్యి ఆగింది తమ్మీ. కర్ర ఆనించి జరసేపు ఊకున్నడు. నేను చూసిన. నా మీద ప్రేమతోని, పావురంతోని అనుకున్న." చక్రానికి అంటిన మట్టి గోటితో గీకాడు. "తెగిందని వానికి తెలుసు. తెలిసి దొర్లిచ్చిండు."

లోపలి నుంచి ఎవరో అన్నను పేరు పెట్టి పిలిచారు, పాడె లేపుతున్నారు రమ్మని. "భుజం పట్టవా?" అని అడిగాను. "బండి తిప్పు" అన్నాడు. ఎక్కడానికి చేయి ఇచ్చాను. వెనక డప్పు మొదలైంది. అన్న తిరిగి చూడలేదు, కళ్లు కూడా తుడుచుకోలేదు.

ఎన్నాళ్ల నుంచో మా అన్న నోట తప్పు వస్తాదుదేనన్న మాట వినాలని నేను కాచుకుని ఉన్నాను. విన్నాను. పావలా అంత సంతోషం కలగలేదు. కాలు పోయాక మా అన్న దగ్గర మిగిలింది ఆ వస్తాదు ఒక్కడే. ఆ దరిద్రుడు చచ్చి ఆ మిగిలినదాన్ని కూడా పట్టుకుపోయాడు.